తడి తాడుతో కుట్టిన పలక

తొమ్మిదో రోజు

నెత్తలీ, ఈ పుస్తకం రేవు కచేరీ వాళ్ళిచ్చారు. ఇంట్లో పడవ కట్టుకునేవాళ్ళు ఏ రోజు ఏ పని జరిగిందో, ఎవరి చేత్తో జరిగిందో ఇందులో రాయాలట. ఎనిమిది రోజులు రాయలేదు. ఇవాళ జగ్గునాయుడు కచేరీ సంచీ భుజాన వేసుకుని గట్టెక్కి వచ్చాడు. ఖాళీ కాగితాలు తిప్పి చూసి మొహం చిట్లించాడు.

"గరికమ్మా, రాయకపోతే ముద్ర ఎయ్యను. ముద్ర నేకపోతే పడవ నీళ్ళల్లో దింపనివ్వరు."

"నాను సదివింది మూడో తరగతి బాబూ. కచేరీకి ఎలగ రాయాలో నాకేటి తెలుసు?"

"కచేరీకి రాయకు. నాను సదవను, పేజీలు సూసి ముద్రేత్తానంతే. ఎవులికి రాయాలనుంటే ఆలికి రాయి. అయిపోయాక సొరబుర్రలో ఎట్టి, మైనం ఏసి, పడవలో కట్టాల. అలలు దాటీదాకా ఎవులూ తెరవకూడదు. అది మాత్రం మర్సిపోకు."

అందుకని నీకు రాస్తున్నాను. ఊరికి నువ్వు ఎల్లాజీవి. నెలలు నిండకుండా పుట్టి, అరచేతిలో నెత్తలి చేపలా మెరిశావు కాబట్టి నాకు నెత్తలివి. ఆ పేరు నీ పెళ్ళానికి తెలియదు. నువ్వు చెప్పలేదు, సిగ్గుపడ్డావు. నేనూ చెప్పలేదు. మసేనమ్మ చేతిలో నీవి ఎన్నో ఉన్నాయి, ఇదొక్కటి నా దగ్గర ఉండనీ. అలలు దాటాక ఈ సొరబుర్ర పగలగొట్టేది ఆ పిల్లే. చదివితే చదవనీ.

ఇవాళ్టి పని: అడుగు చెక్కకు రెండు అంచులా బెజ్జాలు. చేసింది మసేనమ్మ. నేను చెక్క కదలకుండా పట్టుకున్నాను.

వేట విరామం అరవై ఒక్క రోజులు. ఆ తర్వాత కంపెనీ వాళ్ళ మనిషి లేని ఓడలు మళ్ళీ సముద్రం మీదకు వెళ్తాయి. ఈలోపు మన పడవ నీళ్ళలో దిగాలి. దిగకపోతే నీ పేరు మీద ఉన్న వేట హక్కు కొట్టేస్తారు. ఈ గట్టు మీద హక్కు మిగిలిన ఇల్లు మనదొక్కటే. మిగతా వాళ్ళందరూ కంపెనీ పంచే చేప బిళ్ళలు నానబెట్టుకుని తింటున్నారు. నువ్వు వదిలి వెళ్ళినవి ఒక అడుగు చెక్క, మూడు పలకలు, గోడకు ఆనించిన తలుపు.

పన్నెండో రోజు

పని: రెండో పలక కుట్టడం. చేసింది మసేనమ్మ. కొబ్బరి పీచు ఏకి తాడు పేనింది నేను.

ఒక్క మేకు కూడా కొట్టకూడదు. ఇనుము వాసన తగిలితే సముద్రంలో తేలే కాపలా బుడ్లు కూతపెట్టి పడవను వెనక్కి తిప్పేస్తాయి. అందుకే బట్ట కుట్టినట్టు పడవ కుట్టాలి. బెజ్జంలోంచి తాడు లాగి, సందులో పీచు కూరి, మళ్ళీ లాగి బిగించాలి. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. పేజీలు నిండాలన్నాడు కాబట్టి రాస్తున్నాను.

ఆ పిల్ల కుడి మణికట్టుకు నీ చేతిగవ్వ ఉంది. పన్నెండో ఏట నీకు దాన్ని కట్టింది నేను. పదిహేనేళ్ళు నీ చేయి చేసిందల్లా అది నేర్చుకుంది. ఇప్పుడు నేర్చుకున్నదంతా ఆ పిల్ల చేతికి అప్పజెబుతోంది. పెళ్ళయి వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కించడం రాని పిల్ల. ఇవాళ పలక సందు చూసి, ఒంటి కన్ను మూసి, కొయ్య సూదిని చెవి మీద దోపుకుంది.

అది నువ్వు, నెత్తలీ. నేను పీచు కింద పడేశాను.

ఇంకో వింత. తాడు అందుకునేటప్పుడల్లా ఆ చేయి ముందు నీళ్ళ గిన్నె వైపు వెళ్తోంది. గిన్నె అంచు దాకా వెళ్ళగానే ఆ పిల్ల ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కుంటోంది. దాహమేమోనని గిన్నె దగ్గరికి జరిపాను.

"వొద్దత్తా. దూరంగా ఎట్టీ."

ఏం టెక్కు! నా చేతి నీళ్ళు కూడా పనికిరావన్నమాట.

గవ్వ మీద ఏడు తెల్ల గీతలు ఉండేవి. ఇప్పుడు ఐదే ఉన్నాయి. పని చేసేకొద్దీ ఒక్కొక్కటి చెరిగిపోతుంది. అన్నీ చెరిగిపోతే అది ఒడ్డున ఏరుకున్న ఉత్త గవ్వే.

పదిహేనో రోజు

పని: పక్క కర్రలు వంచి కట్టడం. చేసింది మసేనమ్మ. పట్టుకుంది నేను. ఎప్పుడూ పట్టుకునేదాన్ని నేనే.

కిందింటి ఎర్రమ్మ చేప బిళ్ళల సంచీతో వెళ్తూ మన దడి దగ్గర ఆగింది.

"ఏటే గరికమ్మక్కా, నీ కోడలు సుత్తి పడతంటే అచ్చం ఎల్లాజీ పట్టినట్టే ఉంది! నీ కొడుకు నీకు మళ్ళీ వొచ్చినట్టేగదే!"

"నాకు రానేదు. దానికొచ్చాడు" అన్నాను.

ఎర్రమ్మ సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. అటుపక్క కొయ్యసుత్తి చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్ల వినే ఉంటుంది. విననీ.

ఆ పొగమంచు రోజున మనిషి లేని ఓడకు నీ తెప్ప కనపడలేదు. దాని వలలో చేపలతో పాటు నువ్వూ పైకి వచ్చావు. దానికేం తెలుసు. చేపలను దించినట్టే నిన్నూ రేవులో దించి వెళ్ళిపోయింది. కచేరీలో ఎవరో నీ గవ్వ విప్పి బల్ల మీద పెట్టారు. గవ్వ ఒక్కరికే పలుకుతుంది, నీ తర్వాత మొదట ఎవరి చేతికి కడితే ఆ చేతికే. పెళ్ళాం ఉంటే పెళ్ళానికి, లేకపోతే అమ్మకు అని కాగితంలో ఉందట. పద్నాలుగు నెలల పెళ్ళాం ఆమె. ఇరవై ఏడేళ్ళ అమ్మను నేను. బల్ల దగ్గర నా చేయే ముందుకు వెళ్ళింది. ఆ గుమస్తా దాన్ని సుతారంగా పక్కకు జరిపాడు.

మధ్యాహ్నం ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. చిన్నప్పుడు ముల్లు దిగినప్పటి నుంచి నువ్వు చిటికెన వేలు పైకి లేపి అన్నం కలిపేవాడివి. ఆ పిల్ల చిటికెన వేలు లేచింది. నీ చేయి పులుసు కలిపింది, నీ చేయి ముద్ద చేసింది, ఆ పిల్ల నోట్లో పెట్టింది.

నీకు ఎన్ని ముద్దలు పెట్టాను నేను! నీ చేతి ముద్ద నాకు ఒక్కటైనా వచ్చిందా?

నేను లేచి వచ్చేశాను. ఇకనుంచి వండి మూత పెట్టేస్తాను. తినేవాళ్ళు తింటారు.

ఇరవయ్యో రోజు

పని: మూడో పలక. చేసింది మసేనమ్మ. గీతలు నాలుగు.

స్నానానికి వెళ్తూ ఆ పిల్ల గవ్వ విప్పి గూట్లో పెట్టింది. సున్నిపిండి తగిలితే దారం పాడవుతుందట. తలుపు మూసుకున్న చప్పుడు వినగానే నేను గూటి దగ్గరకు వెళ్ళాను. నా మణికట్టుకు కట్టుకున్నాను. తాడు చేతిలోకి తీసుకున్నాను. సూది చెవి మీద పెట్టుకున్నాను, నువ్వు పెట్టుకున్నట్టే.

ఏమీ లేదు. నా ముసలి చేయి నా చెప్పుచేతల్లోనే ఉంది. గవ్వ చల్లగా రాయిలా ఉంది. నా దగ్గర నీకు మాటే లేదన్నట్టు.

విప్పి గూట్లో పెట్టేశాను. ఆ పిల్ల వచ్చి కట్టుకోగానే గీతలు తెల్లగా మెరిశాయి. నా కొడుకు నన్ను గుర్తుపట్టలేదు, దాన్ని గుర్తుపట్టాడు. ఈ మాట రాసి రెండుసార్లు కొట్టేశాను. మళ్ళీ రాశాను, నిజం కాబట్టి.

ఇరవై నాలుగో రోజు

పని జరగలేదు. తగువు జరిగింది.

పై పలకకు మిగిలింది మన పాతింటి తలుపు ఒక్కటే. నీళ్ళలో మునిగిన ఊరికి నువ్వు ఈది వెళ్ళి, మూడు రోజులు తంటాలు పడి ఊడదీసుకొచ్చిన టేకు తలుపు. దాని అంచున నీ ఎత్తు గాట్లు ఉన్నాయి. ప్రతి వైశాఖంలో నిన్ను నిలబెట్టి కత్తితో నేను పెట్టిన గాట్లు, తొమ్మిది. పదో ఏట నువ్వు ఒప్పుకోలేదు, పెద్దవాణ్ణయిపోయానన్నావు.

ఆ పిల్ల దాన్ని చీల్చి పై పలక చేద్దామంది. గాట్లు లోపలి వైపుకు రావాలంది. "నాకు కనిపిత్తాయి గదా" అంది.

"నీకెందుకు కనపడాల? నువ్వు పెట్టేవా ఆ గాట్లు?"

"పెట్టనేదు. అందుకే సూసుకుంటానంటన్నాను."

"సుక్కాని నీకు, గవ్వ నీకు, సముద్రం నీకు. ఈ పలక ముట్టుకున్నావంటే పడవా నేదు, ఏటీ నేదు. కుడితే నానే కుడతాను."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. సన్నగా అయిపోయింది మనిషి, కళ్ళే కనపడుతున్నాయి. "సరే అత్తా, నువ్వే కుట్టు" అని సూది నా చేతికిచ్చింది. ఆ సూది ఇంకా వెచ్చగా ఉంది.

ఇరవై ఆరో రోజు

పని: పై పలక కుట్టడం. చేసింది గరికమ్మ. ఒక్కదాన్నే. గవ్వ లేదు, ఎవరి సాయమూ లేదు.

మసేనమ్మ పడవకు పూసే గుగ్గిలం కోసం కిందికి వెళ్ళింది. ఆమె వచ్చేలోపు పూర్తి చేశాను. తాడు గరుగ్గా ఉందని పొద్దున్నే కుండలో నానబెట్టాను. మెత్తగా చేతికి వచ్చింది. ప్రతి కుట్టుకూ మళ్ళీ గిన్నెలో ముంచి, వల ముడి బిగించినట్టు బిగించాను. నలభై ఏళ్ళు వల అల్లిన చేయి ఇది. మీ నాన్న వల, నీ మొదటి వల, అన్నీ తడి దారంతోనే అల్లాను. తడి దారం ముడిని కొరికి పట్టుకుంటుంది.

కుట్టు చూస్తే ముత్యాల వరసే. ఆ పిల్ల వచ్చి వేలితో తడుముతూ చివరిదాకా వెళ్ళింది. ఏదో అనబోయింది. నా మొహం చూసి ఊరుకుంది.

కుళ్ళుకుందని అనుకున్నాను. హాయిగా నిద్రపోయాను.

ముప్పై నాలుగో రోజు

పని: గుగ్గిలం కాచి అడుగున పూయడం. ఇద్దరం.

ఎనిమిది రోజులు ఎండ దంచేసింది. ఇవాళ పై పలక మీద చేయి వేశాను. కుట్టు కింద నా వేలు దూరింది. పక్క కుట్టు కిందా దూరింది. తడిసినప్పుడు బిగువుగా ఉన్న తాడు ఆరాక సాగి, వదులైపోయింది. లోపల కూరిన పీచు ఒకచోట బయటకు వేలాడుతోంది.

వల ఆరితే ఏమవుతుంది, మళ్ళీ నీళ్ళలోకే వెళ్తుంది. పడవ కుట్టు అలా కాదు. పొడి తాడుతో బిగించాలి. అప్పుడు నీళ్ళు తగిలాక ఇంకా బిగుస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు.

ఆ పిల్ల అటుపక్క గుగ్గిలం పూస్తోంది. చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆమె చెవి మీద సూది కనపడింది.

వేలాడే పీచును లోపలికి తోసేశాను. నీళ్ళలో దిగితే ఉబ్బి అదే బిగుస్తుందిలే అనుకున్నాను.

నలభై ఒకటో రోజు

పని: సుక్కాని తెడ్డు చెక్కడం. చేసింది మసేనమ్మ.

గవ్వ మీద ఒక్క గీత ఉంది. ఆ పిల్ల గవ్వను విప్పి కొంగున ముడేసుకుంది. వట్టి చేత్తో చెక్కుతోంది. అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. ఒక తెడ్డు పాడుచేసి రెండోది మొదలుపెట్టింది.

"గవ్వ కట్టుకోవేం? పొద్దుటికి అయిపోద్ది గదా" అన్నాను.

"ఈ ఒక్క గీతా అలలకి దాసుకుంటన్నానత్తా. చెక్కడం నెమ్మదిగా నేర్సుకుంటాను. విరిగే అలల్లో సుక్కాని పట్టడం నేర్సుకునీసరికి ఉంటానో నేదో. ఆ కాసేపూ ఆయన సెయ్యి ఉంటే సాలు."

నవ్వుతూనే అంది. ఆఖరి గీత కూడా ఆ పిల్లదే. అలల మధ్య నువ్వూ ఆమే. నేను ఒడ్డున.

పై పలక సంగతి ఇవాళ చెప్పవచ్చు. పొడి తాడు పెట్టి నేనే విప్పి కుట్టవచ్చు. రెండు రోజుల పని. చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ గిన్నెలు తోమాను. పొద్దున వండిన అన్నం సగం పైన అలాగే ఉంది. ఎందుకు తినలేదని అడగలేదు.

నలభై ఎనిమిదో రోజు

పని: నీళ్ళ పరీక్ష.

జగ్గునాయుడు వచ్చి పడవ చుట్టూ అయస్కాంతం తిప్పాడు. ఇనుము లేదన్నాడు. తర్వాత పడవను నీళ్ళతో నింపమన్నాడు. లోపల పోసిన నీళ్ళు బయటికి రాకపోతే, బయటి నీళ్ళు లోపలికి రావని లెక్క. ఇద్దరం బిందెలతో మోసి పోశాం. అడుగు చెమ్మగిల్లలేదు. మొదటి పలక, రెండోది, మూడోది గట్టిగా ఉన్నాయి. నీళ్ళు పై పలక దాకా వచ్చాయి.

నా తాడు నీళ్ళకు బిగిసింది, నిజమే. కానీ వదులుగా ఉన్న రోజుల్లో పీచు సగం రాలిపోయి, పలక పక్కకు జరిగిపోయింది. నీ ఎత్తు గాట్ల కింద నుంచి నీళ్ళు ధారగా కారాయి. తొమ్మిది గాట్ల పొడుగునా.

"ఈ కుట్టు ఎవులిది?" అన్నాడు జగ్గునాయుడు.

పుస్తకంలో నా పేరే ఉంది. అతను చదవడు. నేను ఖాళీ బిందె వైపు తిరిగాను.

"నాదే బాబూ" అంది మసేనమ్మ. "తాడు సరిగ్గా సూసుకోనేదు. పది రోజుల్లో మళ్ళీ కుట్టి సూపిత్తాను."

"పది రోజులా! ఇది ఇప్పాలంటే అంచంతా ఇప్పాల. కొత్త సేతుల వల్ల అవుద్దా?"

"సెయ్యి కొత్తది కాదు" అంది. కొంగు ముడి విప్పి, గవ్వ తీసి కట్టుకుంది.

యాభై ఒకటో రోజు

పని: పై పలక విప్పి మళ్ళీ కుట్టడం. చేసింది మసేనమ్మ.

నిన్నా ఇవాళా కుట్టింది. నేను పొడి తాడు అందించాను. మధ్యాహ్నానికి గీత పలచబడింది. చివరి బెజ్జం దగ్గర, సూది చెవి మీద ఉండగానే, ఆమె చేయి ఆగిపోయింది. పనిలో ఉండగా ఎవరో పిలిస్తే ఆగినట్టు ఆగింది. గవ్వ వెలవెలబోయింది. ఒక్క గీతా లేదు.

ఆ చివరి కుట్టు తనే సొంతంగా వేసింది. వంకరగా వచ్చింది.

నేను పెరట్లోకి వెళ్ళి బిందె ముందు కూర్చున్నాను. నెత్తలీ, నిన్ను రెండోసారి పోగొట్టింది ఓడ కాదు. నేను.

యాభై రెండో రోజు

పని లేదు. గుగ్గిలం ఆరుతోంది.

"ఆ తాడు తడిపింది నానే" అన్నాను. కడుపులో ఉన్నదాంట్లో అంతే బయటికి వచ్చింది.

"తెల్సత్తా."

"ఎలగ తెల్సు?"

"కుండలో తాడు రంగు దిగింది గదా. అప్పుడే సెప్పాల్సింది నాను. నువ్వంత ముచ్చటగా కుట్టుకున్నావు, నోరు రానేదు. ఎండకి ఏటవుద్దో సూద్దారి అనుకున్నాను. అయినా ఈ తప్పు నాకు కొత్త కాదు." గవ్వ విప్పిన మణికట్టు రుద్దుకుంటూ అంది. "ఆయన సెయ్యి పెతిసారీ నీళ్ళ గిన్ని కాడికెల్లిపోతది. నాను పట్టుకు లాగాల. బతికున్నప్పుడూ అంతే. తాడు ముంచేసి, మళ్ళీ నాలిక కరుసుకుని, ఇది మా యమ్మ సెయ్యే, నా మాట ఇనదు అని నవ్వీవోడు. నీ వొళ్ళో కూకుని వల నేర్సుకున్నాడట గదా. ముందు తడుపు, తర్వాత ముడెయ్యి అని సేతి మీద కొట్టీదానివట."

కొట్టేదాన్ని. ఐదేళ్ళ చేతి మీద, మెత్తగా.

"మరి ఆ నీళ్ళ గిన్ని దూరంగా ఎట్టమన్నావు?"

"దగ్గరుంటే నువ్వే గెలిసేత్తన్నావు మరి! ఆయన్ని పిలుత్తాను, నువ్వొత్తావు. నాకెంత మంటగా ఉండీదో తెలుసా? నాకంటూ ఆయన ఒక్కడే ఎప్పుడూ రానేదు. ఎనకాల నువ్వు."

ఆ పిల్లకు నా మీద కుళ్ళు! నలభై రోజుల బట్టి నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఎందుకో నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. నవ్వి నవ్వి ఇద్దరం ఏడ్చాం.

తర్వాత ఆమె తెడ్డుకు తాడు చుట్టడానికి చేయి చాచింది. గవ్వ గూట్లో ఉంది, వట్టి చేయి. అది గిన్నె వైపు వెళ్ళింది. అంచు దాకా వెళ్ళి ఆగింది.

ఇద్దరం ఆ చేతిని చూస్తూ ఉండిపోయాం.

యాభై ఎనిమిదో రోజు

పని: రెండో నీళ్ళ పరీక్ష. చుక్క కారలేదు. జగ్గునాయుడు వంకర కుట్టు చూసి "ఇది మాత్రం కొత్త సెయ్యే" అన్నాడు, ముద్ర వేశాడు.

అలల భయం పోలేదు. కచేరీ కాగితంలో ఒక్క పేరే పడుతుంది, అది మసేనమ్మ పేరు. నేను పడవ ఎక్కడానికి లేదు. గవ్వలో ఏమీ మిగల్లేదు. నేను మింగేశాను.

నా దగ్గర ఒకటి ఉంది, అది ఏ గవ్వలోనూ లేదు. మీ నాన్న వెళ్ళేటప్పుడు, నువ్వు వెళ్ళేటప్పుడు, గట్టు మీద నిలబడి అలలు చూసి కొంగు ఎగరేసేదాన్ని. పడవలో ఉన్నవాడికి ఎదురుగా ఉన్న అలే కనపడుతుంది. పైనున్నవాళ్ళకు దాని వెనకాల వచ్చేవి కనపడతాయి. మూడు పెద్దవి విరిగాక ఒక తెరిపి వస్తుంది. ఆ తెరిపిలో ఆగకుండా తెడ్డు వెయ్యాలి.

ఐదు రోజులుగా వాకిట్లోనే సాధన. పడవ దుంగల మీద ఉంది, మసేనమ్మ అందులో కూర్చుని సుక్కాని పట్టుకుంటోంది. నేను వంటింటి గుమ్మం ముందు అరుగెక్కి, నా ఎర్ర చీర కొంగు ఎగరేస్తాను. ఎత్తితే తెడ్డు, దించితే ఆగు, పక్కకు ఊపితే ముక్కు తిప్పు.

ఎర్రమ్మ దడి మీంచి చూసి పడీ పడీ నవ్వింది. "అత్తా కోడళ్ళు నేల మీద పడవ నడిపేత్తన్నారే! ఏ ఊరెల్తన్నారే?"

"నీ ఇంటికే పిన్నీ, పులుసు కాయి!" అని అరిచింది మసేనమ్మ. అంటూనే నా కొంగు దిగింది చూడలేదు.

"సచ్చావు!" అన్నాను. "ఆ అల నిన్ను మింగేసింది. ఎర్రమ్మతో తరవాత మాటాడుదువు గాని, నన్ను సూడు. నన్నొక్కదాన్నే సూడు."

నన్నొక్కదాన్నే చూడు. నిన్ను గానీ ఆ పిల్లను గానీ ఈ మాట అడగాలని ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకే తెలియదు.

అరవయ్యో రోజు

పని: పూర్తయింది. కట్టింది ఎల్లాజీ, మసేనమ్మ, గరికమ్మ.

మసేనమ్మా, ఈ పేజీ నీకు. రేపు పొద్దున నువ్వు వెళ్తావు. ఇంకాసేపట్లో దీన్ని సొరబుర్రలో పెట్టి మైనం వేస్తాను. నువ్వు ఇది చదువుతున్నావంటే అలలు దాటావు. వెనక్కి తిరిగి చూడు. గట్టు మీద ఎర్ర చుక్క కనపడితే అది నేనే. నువ్వు కనపడినంతసేపూ దిగను.

ముందరి పేజీలు చదివి నన్ను తిట్టుకో. ముప్పై నాలుగో రోజున నా వేలు కుట్టు కింద దూరింది. నలభై ఎనిమిదో రోజు నీళ్ళు కారాక కూడా నీకు చెప్పలేదు. తడిపింది తెలియక చేసిన తప్పు. దాచింది తెలిసి చేసింది. అలల కోసం నువ్వు దాచుకున్న గీత అందుకే పోయింది. నా నోటితో చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు, అందుకే నీళ్ళ మీదకు పంపుతున్నాను.

కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఇవాళ పొద్దున కూడా నువ్వు సూది చెవి మీద పెట్టుకున్నావు, గవ్వ లేకుండానే, నీకే తెలియకుండా. నాకు మండింది. రేపు సముద్రం మధ్యలో వాడి చేయి నీతో ఉంటుంది, నాకు ఉత్త గవ్వ మిగులుతుంది. మండుతూనే ఉంటుంది. అయినా నువ్వు వెనక్కి రావాలి. వస్తే కదా నేను నిన్ను చూసి కుళ్ళుకునేది.

పై పలక లోపలి వైపు చూడు. గాట్లు నీ వైపే ఉన్నాయి. సుక్కాని వైపు చివరిది వాడి మొదటి ఏడు, తలుపుగా ఉన్నప్పుడు నా మోకాలు దాటి కాస్త ఎత్తు. అప్పటికి వాడు ఎల్లాజీ కాడు. వాడి పేరు నెత్తలి. పుట్టినప్పుడు నా అరచేతిలో సరిపోయాడు. ఈ పేరు నేనూ వాడూ తప్ప ఎవరూ పిలవలేదు. ఇకనుంచి నువ్వు పిలువు. సముద్రం మీద గట్టిగా పిలువు, అక్కడ ఎవరికీ సిగ్గుండదు.

తెరచాప కింద గుడ్డలో మూట ఉంది. తరవాణి అన్నం, ఉల్లిపాయ, కాస్త చింతకాయ పచ్చడి. ఇన్నాళ్ళూ వండి మూత పెట్టి వచ్చేశాను, నీతో కూర్చోలేదు. ఆ చేయి నీకు ముద్ద పెట్టడం చూడలేకపోయాను. ఇప్పుడు చూసేవాళ్ళు లేరు. చిటికెన వేలు లేస్తే లేవనీ. చేతులు కడుక్కుని, కుడి చేత్తో బాగా కలుపుకుని, కడుపు నిండా తిను.